నల్లజాతి ఫొటోగ్రాఫర్లు తమ పుస్తకాలు తామే ఎందుకు వేసుకున్నారంటే

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. నల్లజాతి ఫొటోగ్రాఫర్లు పెద్ద పబ్లిషర్ల కోసం ఎదురుచూడకుండా సొంతంగా పుస్తకాలు, పత్రికలు ఎందుకు వేశారు? దానివల్ల వాళ్ల అస్తిత్వానికి ఒరిగిందేమిటి? చేతిలో ఇన్‌స్టాగ్రామ్ ఉండగా ఇంకా అచ్చు పుస్తకం అవసరమా? ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నానని, సెమినార్ పేపర్ కోసం అడుగుతున్నానని, ఆ తర్వాత మీ ఊరి మనుషుల ఫొటోలతో ఒక చిన్న పుస్తకం వేసే ఆలోచన ఉందని కూడా రాశారు. నేను చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో ఫొటో పుస్తకాల ప్రీప్రెస్ పని, అంటే అచ్చుకి వెళ్లేముందు ఫొటోలూ పేజీలూ సిద్ధం చేసే పని చేస్తున్నాను. ఈ చరిత్ర మీద ఇష్టం ఆ పనిలోంచే పుట్టింది. కాబట్టి అచ్చు సంగతులు కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా జవాబు చెప్పేస్తాను. ఫొటోలు నలుగురికీ కనబడితే చాలు అనుకుని ఉంటే వాళ్లకి ఇంత కష్టం అక్కర్లేదు. నల్లవాళ్ల బొమ్మలు అమెరికా పత్రికల్లో ఎప్పుడూ ఉన్నాయి. నేరం, పేదరికం, అల్లర్లు, లేదంటే ఆటలూ పాటలూ. వాళ్లకి దక్కనిది నిర్ణయం. ఏ ఫొటో ఉంచాలి, ఏది తీసేయాలి, దేని పక్కన ఏది రావాలి, కింద ఏం రాయాలి, ముఖం ఎంత నల్లగా అచ్చవ్వాలి, చివరికి నెగెటివ్‌లు ఎవరి బీరువాలో ఉండాలి. ఇవన్నీ వేరే ఎవరో తేల్చేవారు. సొంత ప్రచురణ ఈ నిర్ణయాలన్నిటినీ ఒకేసారి వాళ్ల చేతికి తెచ్చింది. మీ పేపర్‌కి ఇదే వెన్నెముక చేసుకోమంటాను.

ఈ పట్టుదల 1970లలో మొదలైంది కాదు. సోజర్నర్ ట్రూత్ బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, ఊరూరా తిరిగి బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడిన మనిషి. చదవడం, రాయడం రాదు. 1860లలో ఆమె తన ఫొటోను చిన్న అట్టకార్డుల మీద వేయించి సభల్లో అమ్మేవారు. తెల్ల టోపీ, శాలువా, చేతిలో అల్లిక పని. కింద అచ్చులో ఒక వాక్యం: అసలు మనిషిని నిలబెట్టుకోవడానికి ఈ నీడను అమ్ముకుంటున్నాను. అప్పట్లో ఫొటో మీద హక్కు మామూలుగా తీసినవాడిది. ఆమె మాత్రం 1864లో కాపీరైట్ తన పేరు మీద నమోదు చేయించుకున్నారు. కార్డు వెనక ఆమె పేరే అచ్చయి ఉంటుంది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకి నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 363 ఫొటోలను ఆల్బమ్‌లుగా కట్టి తీసుకెళ్లడం కూడా ఈ వరసలోదే. జాతివాదులు తమ వాదన కోసం వాడుకునే ఫొటోల పద్ధతినే తీసుకుని, చదువుకున్నవాళ్లని, ఇల్లూవాకిలీ ఉన్నవాళ్లని, దర్జాగా కూర్చున్నవాళ్లని అందులో నింపి చూపించారు.

అసలు కథ రాయ్ డికరావా దగ్గర చిక్కబడుతుంది. 1919లో న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెమ్‌లో పుట్టారు. మొదట పెయింటర్. 1952లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్న తొలి నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఆయనే. దరఖాస్తులోనే తేల్చి చెప్పారు, తనకి సామాజిక నివేదికలాంటి పని వద్దని, సృజన కావాలని. ఆ డబ్బుతో హార్లెమ్ ఇళ్లలో, వంటగదుల్లో, మెట్ల మీద, సబ్‌వేలో ఫొటోలు తీశారు. పబ్లిషర్లు ముందుకు రాలేదు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ ఫొటోల నుంచి కొన్నిటిని ఎంచి, ఒక ముసలావిడ గొంతుతో కథ అల్లి ఇచ్చాకే 1955లో పుస్తకం వచ్చింది. 'ది స్వీట్ ఫ్లైపేపర్ ఆఫ్ లైఫ్' దాని పేరు. కథ అట్ట మీదే మొదలవుతుంది. దేవుడి దగ్గర్నుంచి సైకిల్ మీద టెలిగ్రాం వస్తుంది, ఇక రమ్మని. నేనింకా సిద్ధంగా లేను, వెనక్కి తీసుకెళ్లవోయ్ అంటుంది ఆవిడ. జేబులో పట్టే చిన్న సైజు, పేపర్‌బ్యాక్ ధర ఒక డాలర్. ఎంతో మంచి పుస్తకం. కానీ ఒకటి గమనించండి. డికరావా ఫొటోలు ఒక పేరున్న రచయిత మాటల తోడుతో మాత్రమే పెద్ద సంస్థ గడప దాటగలిగాయి.

ఆ తర్వాత ఏమైందో చూడండి. 1960ల మొదట్లో ఆయన జాజ్ సంగీతం మీద తన ఫొటోలతో, తన కవితతో, పేజీలు తానే పేర్చుకుని ఒక డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారు చేశారు. 'ది సౌండ్ ఐ సా' అని పేరు పెట్టారు. అది పుస్తకంగా బయటికి వచ్చింది 2001లో. చేతిలో డమ్మీ ఉండి నలభై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. పెద్ద పబ్లిషర్ కోసం ఎదురుచూస్తే ఏమవుతుంది అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1963లో న్యూయార్క్‌లో కొందరు నల్లజాతి ఫొటోగ్రాఫర్లు కలిసి కమోయింగే వర్క్‌షాప్ పెట్టుకున్నారు. కెన్యాలోని కికుయు భాష నుంచి తీసుకున్న పేరది. కలిసి పనిచేసే జనం అని అర్థం. మొదటి డైరెక్టర్ డికరావా. లూయిస్ డ్రేపర్, ఆల్బర్ట్ ఫెన్నార్, రే ఫ్రాన్సిస్, షాన్ వాకర్, తర్వాత బ్యూఫర్డ్ స్మిత్, ఆంథనీ బార్బోజా వంటివాళ్లు సభ్యులు. ఒకరింట్లో ఒకరు కలుసుకుని, ప్రింట్లు పరిచి, మొహమాటం లేకుండా విమర్శించుకునేవారు. ఎంచిన ప్రింట్లను పోర్ట్‌ఫోలియోలుగా కట్టారు. అంటే అచ్చు పుస్తకానికి డబ్బులేని రోజుల్లో చేత్తో చేసుకున్న ప్రచురణ అన్నమాట. ఫొటో తీయడం నేర్పే చోట్లు చాలా ఉంటాయి. ఎంచడం నేర్చుకునే చోటు దొరకడం అరుదు. కమోయింగే విలువంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

1969 జనవరిలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 'హార్లెమ్ ఆన్ మై మైండ్' అనే భారీ ప్రదర్శన పెట్టింది. హార్లెమ్ గురించిన ప్రదర్శనలో హార్లెమ్ చిత్రకారుల, శిల్పుల పని ఒక్కటీ లేదు. మొత్తం ఫొటోలే, అవి కూడా సమాచారం కోసం గోడలంతా పరిచిన ఫొటోలు. నల్లజాతి కళాకారులు మ్యూజియం ముందు నిరసనకి దిగారు. డికరావా తన ఫొటోలు ఇవ్వలేదు. 1910ల నుంచి హార్లెమ్‌లో స్టూడియో నడిపిన జేమ్స్ వాన్ డెర్ జీ పేరు మాత్రం ఈ ప్రదర్శనతోనే దేశమంతా తెలిసింది. ఆ ఏడాదే, ఎనభై దాటిన వయసులో, ఆయన్నీ ఆయన భార్యనీ ఉంటున్న ఇంట్లోంచి ఖాళీ చేయించారు. ఆయన ఫొటోలు మ్యూజియం గోడల మీద, ఆయన సామాను వీధిలో. పెద్ద సంస్థ వేదిక ఇచ్చినంత మాత్రాన అధికారం ఇచ్చినట్టు కాదని ఆ తరానికి అర్థమైపోయింది.

దానికి వాళ్లు పుస్తకంతో జవాబిచ్చారు. 1973లో బ్రూక్లిన్ నుంచి జో క్రాఫర్డ్ 'ది బ్లాక్ ఫొటోగ్రాఫర్స్ యాన్యువల్' మొదటి సంపుటి తెచ్చారు. బ్యూఫర్డ్ స్మిత్ మొదలుకుని కమోయింగే వాళ్లు చాలామంది ఇందులో చెయ్యి వేశారు. 1974, 1976, 1980లలో ఇంకో మూడు సంపుటాలు వచ్చాయి, అంతే. మొదటి దానికి నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్ ముందుమాట రాశారు. అప్పటికి ఆమె ఒక పెద్ద ప్రచురణ సంస్థలో ఎడిటర్. లోపలివాళ్లకే తెలుసు కదా, అక్కడ ఏది అచ్చవుతుందో, ఏది అవ్వదో. 1976 సంపుటికి ముందుమాట రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాశారు.

ఆ పేజీలు తిప్పితే మొదట తట్టేది వివరణ లేకపోవడం. నల్లవాళ్ల జీవితం ఇలా ఉంటుంది, జాలిపడండి, లేదా మెచ్చుకోండి అని ఎవరికీ చెప్పరు. పిల్లలు ఆడుకుంటుంటారు, ఎవరో బాకా ఊదుతుంటారు, ఒకావిడ కిటికీలోంచి చూస్తుంటుంది. కొన్ని ఫొటోల్లో మనిషి కంటే నీడలే ఎక్కువ. పక్కపక్క పేజీల్లో ఇద్దరు వేర్వేరు ఫొటోగ్రాఫర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. బయటివాళ్లకి పరిచయం చేసే పుస్తకం ఒక తీరుగా ఉంటుంది, తమవాళ్ల కోసం చేసుకున్న పుస్తకం ఇంకో తీరుగా ఉంటుంది. దళిత కవిత్వ సంకలనాలు చదివినవాళ్లకి ఈ తేడా నేను విప్పి చెప్పక్కర్లేదు.

అస్తిత్వం గురించి మీరు అడిగింది ఇక్కడే తేలుతుంది. అస్తిత్వం అంటే ఒకే రకం బొమ్మ అనుకుంటే ఈ నాలుగు సంపుటాలు ఆ అభిప్రాయాన్ని చెరిపేస్తాయి. ఒకరు వీధి ఫొటోగ్రాఫర్, ఒకరు స్టూడియో మనిషి, ఇంకొకరికి అసలు మనుషులే అక్కర్లేదు, గోడ మీద వెలుతురు చాలు. పెద్ద పత్రిక ఏడాదికి ఒక్క నల్లజాతి ఫొటోగ్రాఫర్‌కి చోటిస్తే ఆ ఒక్కరు జాతి మొత్తానికీ ప్రతినిధి అయిపోవాలి. ఎంతోమంది ఒకే అట్ట కింద ఉంటే ఆ బరువు ఎవరి మీదా పడదు. ఎవరికి వాళ్లు తమలా ఉండొచ్చు.

మింగ్ స్మిత్ సంగతి చెప్పాలి. కమోయింగేలో చేరిన తొలి మహిళ ఆమె. ఖర్చుల కోసం మోడలింగ్ చేస్తూ, మసకగా కదిలిపోయే ఫొటోలు తీసేవారు. 1973 యాన్యువల్‌లో ఆమె పని అచ్చయింది. 1970ల చివర్లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో తన పోర్ట్‌ఫోలియో ఇవ్వడానికి వెళ్తే అక్కడివాళ్లు ఆమెను కొరియర్ అనుకున్నారని ఆమే చెప్పారు. 1979లో ఆ మ్యూజియం ఆమె ఫొటోలు కొన్నది. అక్కడి సేకరణలోకి ఒక నల్లజాతి మహిళా ఫొటోగ్రాఫర్ పని చేరడం అదే మొదలు. అదే మ్యూజియం ఆమెకు ప్రత్యేక ప్రదర్శన పెట్టింది 2023లో. 1973కీ 2023కీ మధ్య యాభై ఏళ్లు. బ్రూక్లిన్ నుంచి వచ్చిన చిన్న ప్రచురణ పెద్ద సంస్థ కంటే అంత ముందుంది.

ఇప్పుడు నా పని వైపు నుంచి కొంచెం. డికరావా ఫొటోల్లో 1953 నాటి 'హాల్‌వే' అనేది ఒకటుంది. పాత అపార్ట్‌మెంట్‌లో ఇరుకు నడవా, పైన గుడ్డి దీపం, రెండు వైపులా గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉంటాయి. దాదాపు ఫొటో అంతా ముదురు బూడిద నుంచి నలుపు మధ్యలోనే నడుస్తుంది. దీన్ని మామూలు ఆఫ్‌సెట్‌లో, ఒక్క నల్ల ఇంకుతో, మ్యాప్‌లిథో కాగితం మీద వేసి చూడండి. కాగితం ఇంకు పీల్చుకుంటుంది, ఫొటోని అచ్చులో చూపించే సన్నటి ఇంకు చుక్క ఉబ్బుతుంది, ముదురు షేడ్లన్నీ కలిసిపోయి ఒకే నల్ల ముద్ద అవుతుంది. నడవా మాయమైపోయి దీపం ఒక్కటే మిగులుతుంది. నల్లటి ముఖాలకీ ఇదే జరుగుతుంది. చెంప ఎముక మీద వెలుగు, కంటి కింద నీడ, నుదుటి మెరుపు అన్నీ పోయి కళ్లూ పళ్లూ మాత్రమే కనబడతాయి. ఎగతాళి బొమ్మల్లో నల్లవాళ్లని వందేళ్లు అలాగే గీశారు. అచ్చులో అశ్రద్ధ చేసినా ఫలితం అదే.

దీనికి ప్రెస్‌లో మార్గాలున్నాయి. డ్యూయోటోన్ వేయొచ్చు. అంటే రెండు ప్లేట్లు, నల్ల ఇంకు ఒకటి, బూడిద ఇంకు ఒకటి. ముదురు షేడ్ల మధ్య తేడాని రెండో ప్లేటు కాపాడుతుంది. లేదంటే ప్లేటుకి వెళ్లేముందే చుక్క ఎంత ఉబ్బుతుందో లెక్కవేసి, ఏ షేడ్ ఎంత ముదురుగా అచ్చవ్వాలో చెప్పే కర్వ్ సరిచేయాలి. దీనికి ఖర్చవుతుంది, సమయం పడుతుంది, అన్నిటికంటే ముందు ఆ ముఖంలో చూడదగ్గది ఉందని నమ్మే మనిషి మెషీన్ పక్కన నిలబడాలి. కలర్ ల్యాబ్‌ల చరిత్ర తెలిసిందే. కొడాక్ వాళ్లు ప్రింట్ రంగు సరిచూసుకోడానికి ల్యాబ్‌లకి పంపిన 'షర్లీ' కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి అమ్మాయి ఫొటోనే ఉండేది. ఆమె ఒంటిరంగు బాగా వస్తే ప్రింట్ బాగా వచ్చినట్టు.

ఇది అమెరికా గొడవ, మనకేంటి అనుకోకండి. మన పెళ్లి ఆల్బమ్ ల్యాబ్‌లలో "అమ్మాయిని కొంచెం ఫెయిర్ చేయండి" అన్న మాట రోజూ వినబడేదే. నేను పనిచేసిన ఒక పుస్తకంలో వ్యవసాయ కూలీ మహిళల పోర్ట్రెయిట్లు ఉన్నాయి. ప్రెస్‌లో ఎవరో అడక్కుండానే ముఖాలన్నీ రెండు షేడ్లు తెల్లబరిచి ప్లేట్లు తీసేశారు. నల్లగా వస్తే కస్టమర్ ఊరుకోడని వాళ్ల భయం. ప్లేట్లు మళ్లీ తీయించే దాకా నేను మెషీన్ దగ్గర్నుంచి కదల్లేదు. ఆ ఆడవాళ్ల ముఖాల్లో ఎండకి కమిలిన చోటు ఎంతో అందంగా ఉంది. దాన్ని చెరిపే హక్కు మాకెవరిచ్చారు?

మళ్లీ చరిత్రకి వస్తాను. సొంత ప్రచురణ అనగానే కళాకారుల చిన్న పుస్తకాలే గుర్తొస్తాయి గానీ, వ్యాపార పత్రికలూ ఇందులో భాగమే. 1942లో షికాగోలో జాన్ హెచ్. జాన్సన్ తల్లి సామాను తాకట్టు పెట్టి 500 డాలర్లు అప్పు తెచ్చి పత్రిక మొదలుపెట్టారు. అందులోంచే 1945లో 'ఎబొనీ', 1951లో 'జెట్' వచ్చాయి. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను తెల్లవాళ్లు చిత్రహింసలు పెట్టి చంపినప్పుడు, తల్లి మేమీ టిల్ శవపేటిక తెరిచే ఉంచాలన్నారు. నా కొడుకుని ఏం చేశారో అందరూ చూడాలన్నారు. డేవిడ్ జాక్సన్ తీసిన ఆ ఫొటోను 'జెట్' అచ్చు వేసింది. ఒక తరం నల్లజాతి యువకులు ఉద్యమంలోకి రావడానికి ఆ ఫొటో ఒక కారణమని వాళ్లే చెప్పుకున్నారు. ఆ పత్రిక నల్లవాళ్ల చేతిలో లేకపోతే ఆ తల్లి మాట అంతమందికి చేరేదా?

జాన్సన్ పెట్టిన ఆ ప్రచురణ సంస్థ 2019లో దివాలా తీసింది. నలభై లక్షలకు పైగా ఫొటోలు, నెగెటివ్‌లున్న దాని ఆర్కైవ్ వేలానికి వచ్చింది. నాలుగు ఫౌండేషన్లు కలిసి 3 కోట్ల డాలర్లకు కొని, స్మిత్సోనియన్ మ్యూజియానికీ గెట్టీ సంస్థకీ అప్పగించడంతో అది చెల్లాచెదురు కాలేదు. అచ్చు వేయడంతో పని పూర్తి కాదు, దాచడం కూడా ప్రచురణలో సగమని దీన్నిబట్టి తెలుస్తుంది. దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ ఎర్నెస్ట్ కోల్ 1966లో దేశం విడిచి, 1967లో న్యూయార్క్ నుంచి 'హౌస్ ఆఫ్ బాండేజ్' తెచ్చారు. వర్ణవివక్ష పాలనను లోపలి నుంచి చూపించిన పుస్తకం. సొంత దేశంలో నిషేధించారు. ఆయన తిరిగి వెళ్లలేక 1990లో ప్రవాసంలోనే చనిపోయారు. నెగెటివ్‌లు ఏమయ్యాయో చాలాకాలం అంతుబట్టలేదు. 2017లో స్టాక్‌హోమ్ బ్యాంకు లాకర్లలో 60,000కు పైగా బయటపడ్డాయి. అన్నేళ్లూ ఆయన పని లోకానికి గుర్తుందంటే ఆ పుస్తకం కాపీలు అక్కడక్కడా మిగిలి ఉండటం వల్లే.

బ్రిటన్ కథ మీకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో మనవాళ్లూ ఉన్నారు. అక్కడ 1970, 80లలో 'బ్లాక్' అనే మాటను ఆఫ్రికా, కరీబియన్, దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్లంతా ఉమ్మడి రాజకీయ పేరుగా వాడుకున్నారు. 1979లో బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్ పేటలో డెరెక్ బిష్టన్, బ్రయన్ హోమర్, జాన్ రియర్డన్ అనే ముగ్గురు తెల్లజాతి ఫొటోగ్రాఫర్లు పేవ్‌మెంట్ మీద తెల్లటి తెర కట్టి, కెమెరా పెట్టి, షటర్ నొక్కే కేబుల్‌ను దారినపోయేవాళ్ల చేతికిచ్చారు. 500 మందికి పైగా ఎవరి ఫొటో వాళ్లే తీసుకున్నారు. తలపాగాలవాళ్లు, డ్రెడ్‌లాక్స్ వాళ్లు, బడి పిల్లలు, ముసలి జంటలు. ఎప్పుడు నొక్కాలన్నది వాళ్ల ఇష్టం. ఆ ముగ్గురే అదే ఏడాది 'టెన్.8' అనే ఫొటోగ్రఫీ పత్రిక మొదలుపెట్టారు. 1988లో ఆ పత్రికలోనే నైజీరియాలో పుట్టిన రోటిమి ఫాని-కయోడే తన వ్యాసం రాశారు. లైంగికత విషయంలో, ఊరూ సంస్కృతీ విడిచి వచ్చిన విషయంలో, తల్లిదండ్రులు ఆశించినట్టు పెళ్లీ ఉద్యోగంతో స్థిరపడకపోవడంలో, మూడు విధాలా తాను బయటివాణ్ణేనని అందులో చెప్పుకున్నారు. ఆ మాట ధైర్యంగా చెప్పడానికి నాలుగు పేజీలు ఇచ్చే పెద్ద పత్రిక అప్పుడు ఎక్కడుంది?

అదే ఏడాది లండన్‌లో నల్లజాతి ఫొటోగ్రాఫర్ల సంఘంగా 'ఆటోగ్రాఫ్' పుట్టింది. తొలి అధ్యక్షుడు ఫాని-కయోడే. వ్యవస్థాపకుల్లో ఢిల్లీలో పుట్టిన సునీల్ గుప్తా ఉన్నారు. 1989లో ఫాని-కయోడే చిన్న వయసులోనే కన్నుమూశారు. సంస్థ నిలబడింది, ఇప్పటికీ ప్రదర్శనలు పెడుతోంది, పుస్తకాలు వేస్తోంది. 1992లో డేవిడ్ ఎ. బెయిలీ, సంస్కృతి మీద సిద్ధాంతాలు రాసిన స్టువర్ట్ హాల్ కలిసి 'టెన్.8' ప్రత్యేక సంచికలో 80ల నల్లజాతి బ్రిటిష్ ఫొటోగ్రఫీ అంతటినీ ఒకచోట చేర్చారు. మీ పేపర్‌లో సిద్ధాంతం కావాలంటే అక్కడికి వెళ్లండి. అస్తిత్వం పుట్టుకతో గట్టిపడిపోయిన వస్తువు కాదని, ఎప్పుడూ తయారవుతూనే ఉంటుందని హాల్ వాదన. చిన్న పత్రికల పేజీల్లో అది తయారవుతుండటం కళ్లారా కనబడుతుంది.

ఈ ఉద్యమాల్లోనూ లోటుపాట్లున్నాయి. కమోయింగేలో చాలాకాలం మింగ్ స్మిత్ తప్ప ఆడవాళ్లు లేరు. 1986లో జీన్ ముటుసామీ-ఆష్ నల్లజాతి మహిళా ఫొటోగ్రాఫర్ల చరిత్రను 'వ్యూఫైండర్స్' పేరుతో తెచ్చారు. ఆ దారిలో 2017లో లైలా అమతుల్లా బరైన్, అదమా డెల్ఫీన్ ఫావుండు కలిసి 'ఎమ్‌ఫోన్' వేశారు. వందమందికి పైగా ఆఫ్రికన్ సంతతి మహిళల ఫొటోలు, ఎవరి గడపా తొక్కకుండా సొంతంగా వేసుకున్న పుస్తకం. 2001లో క్యాన్సర్‌తో చనిపోయిన యువ ఫొటోగ్రాఫర్ ఎమ్‌ఫోన్ ఎస్సియన్ పేరు దానికి పెట్టారు. సొంత ప్రచురణలోనూ ఎవరో ఒకరు బయట ఉండిపోతారు. వాళ్లు మళ్లీ తమ పుస్తకం తాము వేసుకుంటారు. దీన్ని నేను లోపం అనుకోను, ఆ పద్ధతిలో ఉన్న బలం అనుకుంటాను.

ధర గురించి మాత్రం నాకు బాధ ఉంది. డికరావా పుస్తకం ఒక డాలర్‌కి దొరికింది. ఇప్పటి ఫొటో పుస్తకాలు, చిన్న ప్రచురణకర్తలవి కూడా, యాభై డాలర్లకు అటూ ఇటూ ఉంటున్నాయి. తక్కువ కాపీలు వేస్తే ఒక్కో కాపీకి ఖర్చు పెరుగుతుంది, అది తప్పదు. కానీ ఫొటోలో ఉన్న మనిషి కొనుక్కోలేని పుస్తకం ఎవరి అస్తిత్వాన్ని చాటుతున్నట్టు? అందుకే న్యూయార్క్‌లో యూసుఫ్ హసన్ మొదలుపెట్టిన బ్లాక్ మాస్ పబ్లిషింగ్ లాంటివాళ్లు నాకు నచ్చుతారు. పాత ఫొటోలు, పత్రికల ముక్కలు, జాజ్ చరిత్ర తీసుకుని 'జీన్' అనే సన్నటి చిన్న పుస్తకాలు చేస్తారు. నాలుగు కాగితాలు మడిచి మధ్యలో పిన్ను కొట్టినా అది ప్రచురణే. 2021లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 మ్యూజియం వాళ్ల 'గ్రేటర్ న్యూయార్క్' ప్రదర్శన దాకా వెళ్లాయి అవి.

ఇక ఇన్‌స్టాగ్రామ్. దాన్ని తీసిపారేయను. ఈనాటి చిన్న ప్రచురణకర్తలు పాఠకుల్ని వెతుక్కునేది, పుస్తకాలు అమ్ముకునేది ఎక్కువగా అక్కడే. కానీ నేను మొదట్లో చెప్పిన నిర్ణయాలు ఒక్కొక్కటీ తీసుకుని చూడండి. మీ ఫొటో పక్కన ఏం రావాలో మీ చేతిలో లేదు, దాని కిందే సబ్బు ప్రకటన రావచ్చు. వరస మీది కాదు. ముఖం ఎంత నల్లగా కనబడాలో చూసేవాడి ఫోన్ బ్రైట్‌నెస్ తేలుస్తుంది. అకౌంట్ పోతే అన్నీ పోతాయి. టైలర్ మిచెల్ ఈ తరం మనిషే, ఇంటర్నెట్ చూస్తూ పెరిగినవాడే. అయినా విద్యార్థిగా ఉండగానే, 2015లో, క్యూబా స్కేటర్ కుర్రాళ్ల ఫొటోలతో 'ఎల్ పాకెటే' అనే పుస్తకం సొంతంగా వేసుకున్నాడు. 2018లో బియాన్సే ఫొటోతో అమెరికన్ 'వోగ్' ముఖచిత్రం తీసిన తొలి నల్లజాతి ఫొటోగ్రాఫర్ అతనే. ఆ పత్రిక పుట్టి అప్పటికి 126 ఏళ్లు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. పుస్తకం వల్లే అవకాశం వచ్చిందని నేను అనను. తన పేజీలు తానే పేర్చుకున్న అనుభవంతో వెళ్లాడని మాత్రం అంటాను.

సెమినార్ పేపర్‌కి యాన్యువల్ నాలుగు సంపుటాలతో మొదలుపెట్టండి. పాత కాపీలు దొరకడం కష్టం గానీ, లూయిస్ డ్రేపర్ ఆర్కైవ్‌ను 2015లో తీసుకున్న వర్జీనియా మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ వాళ్లు వాటిని స్కాన్ చేసి ఉచితంగా చూసుకునేలా పెట్టారు. ఒక సంపుటి తీసుకుని, ఎదురెదురు పేజీల జతలు పది ఎంచి, ఈ రెండూ పక్కపక్కన ఎందుకు ఉన్నాయో రాసుకోండి. పేరున్న విమర్శకుల మాటలకంటే ఆ పది జతల మీద మీరు రాసేదే మీ పేపర్‌కి ప్రాణం. చరిత్ర వరసకి డెబొరా విల్లిస్ 2000లో తెచ్చిన 'రిఫ్లెక్షన్స్ ఇన్ బ్లాక్' చూడండి. 1840 నుంచి మొదలయ్యే చరిత్ర అది.

మీ ఊరి పుస్తకం సంగతి. ఫొటోలు చిన్న సైజులో ప్రింట్ తీయించి నేల మీద పరవండి. ఫొటోల్లో ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, ఏది ఉండాలో, ఏది వద్దో అడగండి. వద్దన్నది తీసేయండి, మీకెంత ఇష్టమైనా సరే. కాగితం ఖరారయ్యాక, అన్నిటికంటే నల్లటి ముఖం ఉన్న ఫొటోనే ఎంచి, అదే కాగితం మీద, అదే మెషీన్‌లో టెస్ట్ షీట్ తీయించండి. స్క్రీన్ మీద చూపించే ప్రూఫ్‌కి ఒప్పుకోవద్దు. "ముఖాలు తెల్లబరచవద్దు" అని వర్క్ ఆర్డర్ మీద రాతపూర్వకంగా రాయించండి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. పుస్తకం బయటికి రాగానే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరా లైబ్రరీకీ, ముంబై, ఢిల్లీలలో నిర్దేశించిన లైబ్రరీలకీ ముప్పై రోజుల్లోపు ఒక్కో కాపీ పంపాలి. సొంతంగా వేసుకునే మనవాళ్లు చాలామంది ఈ పని వదిలేస్తారు. మీరు వదలకండి. ఫొటోల్లో ఉన్న ఒక్కో ఇంటికీ ఒక కాపీ ఉచితంగా ఇవ్వడానికి ఎన్ని కావాలో ముందే లెక్కవేసి, ఆ సంఖ్య కలుపుకునే ప్రెస్‌కి ఆర్డర్ ఇవ్వండి.